టీ తాగే గీతలు

దేశంగాని దేశంలో ఉన్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. "బెడోక్‌లో ఉండే పెద్దాయన పోయారు. ఇక్కడ అయినవాళ్ళు ఎవరూ లేరు, జొహోర్ నుంచి మేనల్లుడు వస్తున్నాడు. రేపు మధ్యాహ్నం మూడింటికి మండాయిలో దహనం. వీలున్నవాళ్ళు దయచేసి రండి." పైన ఆయన పూర్తి పేరు. ఆ పేరు నేను చదవడం అదే మొదటిసారి. ఏడేళ్ళు "అంకుల్" అని పిలిచాను తప్ప పేరేమిటని అడిగిన పాపాన పోలేదు. మెసేజ్ కింద వరసగా పదహారు దండాల బొమ్మలు. ఆ తర్వాతిది, శనివారం గోంగూర వస్తోంది, ఎవరికి ఎన్ని కట్టలు కావాలో చెప్పమని. నేను కూడా ఒక దండం పెట్టి, ఫోను బోర్లా తిప్పి, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

ఆయన ఎప్పుడు పుట్టారో, ఎంతవరకు చదువుకున్నారో నాకు తెలియదు. తాత విశాఖపట్నం దగ్గర ఏదో ఊరి నుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చాడని ఒకసారి అన్నారు, అంతే. నాకు తెలిసిందల్లా ఆయన గోరు. ఏ వస్తువు కనబడినా చూపుడువేలి గోరుతో ఒక్కసారి కొట్టి, తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని వినేవారు. బజారులో బొప్పాయి, కొబ్బరికాయ సరే, అందరూ కొడతారు. ఈయన రైల్లో పట్టుకునే స్తంభాన్ని కొట్టేవారు. లిఫ్టు తలుపుని కొట్టేవారు. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కాఫీ తెచ్చి పెడితే ముందు కప్పుని కొట్టి, "ఇది పోనాది, రేపో ఎల్లుండో రెండు ముక్కలు" అని చెప్పి, మార్చమనకుండా అందులోనే తాగేవారు. ఒకరోజు ఆఫీసులో మేనేజరు చేత నానా మాటలు పడి లిఫ్టులో ముక్కు చీదుకుంటుంటే, ఆయన ఏమైందని అడగలేదు. నా నుదుటి మీద టక్కున ఒకటి కొట్టి విన్నారు.

"బాగానే మోగుతంది. పగల్లేదు. ఎల్లు, ఎల్లి అన్నం తిను."

ఏడుస్తున్నదాన్నల్లా నవ్వాను. ఆయన నవ్వలేదు, పరీక్ష అయిపోయినట్టు తలూపి వెళ్ళిపోయారు.

మొదటి పరిచయమూ అలాంటిదే. నేను బెడోక్‌లో గది అద్దెకి తీసుకుని దిగిన రోజు, కొత్త పింగాణీ పళ్ళేలు ఆరు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వరండాలో వస్తున్నాను. పక్క ఫ్లాటు గేటు దగ్గర బనీనులో నిలబడ్డ ముసలాయన ఆ దొంతరని టక టకా కొట్టి, "మూడోది పోనాది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కొత్తగా ఇంట్లో దిగుతుంటే అపశకునం మాట! ముఖం మీదే గేటు వేసుకున్నాను. లోపలికి వెళ్ళి, వెధవ అనుమానం తీరక, మూడో పళ్ళేన్ని దీపం కింద పెట్టి చూశాను. వెంట్రుకంత పగులు. మర్నాడు సిగ్గు చంపుకుని, ఎలా తెలిసిందని అడగడానికి వెళ్ళాను.

ఆయన ముప్పై నాలుగేళ్ళు ఒక జపాన్ దుకాణం గోదాములో పనిచేశారు. జపాన్ నుంచి చేత్తో చేసిన మట్టి గిన్నెలు, కూజాలు, పళ్ళేలు గడ్డిలో చుట్టి పెట్టెల్లో వచ్చేవి. వాటిని విప్పడం, ఒక్కొక్కదాన్నీ గోరుతో కొట్టి వినడం, మంచివి ఒకవైపు, లోపం ఉన్నవి ఎర్ర బుట్టలో పెట్టడం ఆయన పని. ఎర్ర బుట్టలోవి ఎవరూ ఇంటికి పట్టుకుపోకుండా సాయంత్రం సుత్తితో చితక్కొట్టాలి. అదీ ఆయనే.

"నువ్వేటి సేస్తావమ్మా?" అని అడిగారు.

"బ్యాంకులో అంకుల్. వాళ్ళు తయారుచేసే ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతాను. అదే నా ఉద్యోగం."

ముఖం ఇంత చేసుకున్నారు. "ఐతే మనిద్దరిదీ ఒకే పనన్నమాట! ఇంటికొచ్చీసినాక ఆ కళ్ళు తీసి పక్కన పెట్టగలవా?"

"లేదంకుల్. అందుకే నాతో ఎవరూ ఉండలేరు."

తమాషాకి అన్నాను గానీ అది నిజం. నేను శుభ్రం పిచ్చిదాన్ని. మా అమ్మ పెంపకం అలాంటిది, గిన్నె అడుగున ముఖం కనబడితేనే తోమినట్టు లెక్క. గదిలో నాతోపాటు ఉన్న అమ్మాయిలు నాలుగు నెలలకి మించి ఎవరూ నిలవలేదు. మంచం కింద వెంట్రుక కనబడితే నేను పెట్టే పేచీ అటువంటిది. పెళ్ళి సంబంధాలు కూడా దాదాపు అలాగే పోయాయి. నలభై దాటేసరికి చూసేవాళ్ళూ మానేశారు, నేనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆదివారాలు మాత్రం కొంచెం పొడుగ్గా ఉండేవి. ఆ ఆదివారాలు ఆయన ఇంట్లో టీ అలవాటైంది.

టీ నాకు స్టీలు గ్లాసులో ఇచ్చేవారు, ఆయన మాత్రం ఒక సొట్ట గిన్నెలో తాగేవారు. జపాన్‌దే. బూడిద కలిసిన తెలుపు రంగు, ఒకవైపు అంచు కుంగింది. కింద బొటనవేలు పట్టుకున్నచోట పూత అంటక మట్టి కనబడేది. ఒళ్ళంతా పూతలో సన్నటి గీతలు, వాటిలో గోధుమ రంగు. నా కళ్ళకి అది టీ మరక పట్టిన, సబ్బు మొహం చూడని గిన్నె. నిజంగానే దానికి ఎప్పుడూ సబ్బు పెట్టేవారు కాదు. వేడి నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, కిటికీ గట్టు మీద బోర్లించేవారు.

"ఛీ, ఒక్కసారి నాకివ్వండి అంకుల్, తళతళలాడిస్తాను."

"ఒద్దమ్మా. పగులు వేరు, గీత వేరు. పగులు నీళ్ళు కారుస్తాది. గీత టీ తాగుతాది. తాగనీ."

ఆ గిన్నె ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు మాత్రం ఆయనకి ఎక్కడలేని హుషారు. ఏడాదికి రెండుసార్లు జపాన్ నుంచి ఒక పెద్దాయన సరుకు చూసుకోవడానికి వచ్చేవాడట. ఒకసారి ఆయన ఎర్ర బుట్ట ముందు చతికిలబడి, అందులోంచి నాలుగు గిన్నెలు తీసి మంచివాటిలో పెట్టి, మంచివాటిలోంచి నున్నగా గుండ్రంగా ఉన్న రెండింటిని తీసి పక్కన పెట్టేశాడట.

"నాకు కాలిపోనాది. అప్పటికి ఆరేళ్ళ సర్వీసు నాది! ముసలాడికి సత్వారం ఏమో అనుకున్నాను. ఆడు ఈ గిన్ని నా సేతిలో పెట్టి, నా బొటనేలు అట్టుకుని ఆ మట్టి మచ్చ మీద పెట్టినాడు. సరిగ్గా సరిపోనాదమ్మా. ఎవుడో ఊరూపేరూ తెలీనోడి ఏలు, నా ఏలు, ఒకే సోట. ఆ సాయంత్రం సుత్తి ఎత్తలేకపోనాను."

అడిగితే ఆ పెద్దాయన గిన్నె ఇచ్చేశాడు. గురువు దొరికినంత సంబరంగా ఇంటికి తెస్తే భార్య గుమ్మంలోనే నిలబెట్టిందట. కొన్నది కాకుండా పారేసినవి ఏరుకొస్తావా, సొట్ట గిన్నె ఇంట్లో పెడితే దరిద్రం అని చెప్పుల అర పక్కన పడేసింది. నెల్లాళ్ళు అక్కడే ఉంది. తర్వాత ఆవిడకి జ్వరం వచ్చింది. స్టీలు గ్లాసు చేతులు కాలుస్తోందంటే ఈయన ఆ గిన్నెలో టీ పోసి ఇచ్చారు. రెండు చేతులా పట్టుకుంటే వెచ్చగా ఉంది గానీ కాలలేదు. అంతే, అది లోపలికి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ అదొక్కటే. ఆవిడది ఇనప నాలిక, పొగలు కక్కుతుండగా సగం తాగేసేది. చల్లారిన సగం ఈయనది. ఇరవై ఆరేళ్ళు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

"ఇందులో ఆవిడుంది" అనేవారు గిన్నె తిప్పి చూపిస్తూ. నేను ఊఁ కొట్టేదాన్ని. పెద్దవాళ్ళు మాటవరసకి అలా అంటూ ఉంటారులే అనుకున్నాను. చెప్పారు, నేను వినలేదు. అది ఒప్పుకోవాలి.

తర్వాత నాకు యూ టీ అనే పేటలో చిన్న ఫ్లాటు దొరికి మారిపోయాను. బెడోక్ నుంచి యూ టీ అంటే ఊరికి ఈ చివర, ఆ చివర. రైల్లో గంటంపావు. వారం వారం వెళ్ళేదాన్ని రెండు వారాలకి ఒకసారి, తర్వాత నెలకి ఒకసారి అయింది. వెళ్ళినప్పుడల్లా "మకాన్ అయిందా?" అని, తిన్నావా అని అడిగేవారు తప్ప ఇన్నాళ్ళు ఏమైపోయావని ఒక్కసారీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఒకరోజు పొద్దున టీ సగంలో ఉండగా చెత్త పారేయడానికి బయటికి వచ్చి, కడిగిన వరండాలో జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఆపరేషను, తర్వాత నడక నేర్పే చోట మూడు వారాలు. నేను చూడటానికి వెళితే తలగడ కింద నుంచి తాళంచెవి తీసి ఇచ్చారు. "తులసికి నీళ్ళు పొయ్యమ్మా, సచ్చిపోతాది."

వెళ్ళి తలుపు తీశాను. ఆ వాసన! వంటింట్లో చీమల దండు, సింకులో పాచి, నేల మీద కాలు పెడితే అంటుకుపోతోంది. బల్ల మీద ఆ గిన్నె, అందులో సగం టీ, దాని మీద వేలెడు మందాన బూజు. నాకు పూనకం వచ్చింది. చీర అయితే కొంగు బిగించేదాన్నే. కిందికి వెళ్ళి ఫినాయిలు, బ్లీచింగ్ నీళ్ళు, పీచులు, స్పాంజీలు సంచీడు తెచ్చాను. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా నడుం ఎత్తలేదు. ఆ గిన్నెని బ్లీచింగ్ నీళ్ళ బకెట్లో నానేసి, చివర్లో తీసి స్పాంజితో లోపలా బయటా తోమాను. గీతల్లో రంగంతా పోయింది. దంతంలా తెల్లగా వచ్చింది. ఇంత అందమైన గిన్నెనా ఈ మహానుభావుడు ఇన్నేళ్ళు మరక చేసిపెట్టాడు అని నవ్వుకున్నాను కూడా. ఆ రోజు రైల్లో తిరిగి వస్తుంటే, చాలా ఏళ్ళ తర్వాత ఒకరికి పనికొచ్చానని కడుపు నిండిపోయింది.

ఆయన ఇంటికి వచ్చిన రోజు నేనే దగ్గరుండి తీసుకొచ్చాను. నాలుగు కాళ్ళ కర్ర మీద ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి, గుమ్మంలో ఆగి, నిమ్మకాయ వాసన పీల్చి, "ఓయమ్మ! ఎవలిల్లు ఇది?" అన్నారు. నేను పొంగిపోయాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అల్లం కొట్టి టీ పెట్టి, గిన్నెలో పోసి చేతికిచ్చాను.

గోరుతో కొట్టారు. అదే మోత. తల వంచి విని, కళ్ళు తెరిచి, గిన్నెని ఒకవైపు తిప్పారు. మళ్ళీ తిప్పారు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్ళీ తిప్పడం మొదలుపెట్టారు. టీ ఒలికి చేతిమీద పడినా చూసుకోలేదు.

"ఏంటంకుల్, ఏం వెతుకుతున్నారు?"

"ఆవిడ వేపు ఏదో తెలీటం లేదమ్మా."

నాకు అర్థం కాలేదు. ఆయనే మెల్లిగా చెప్పారు. ఆవిడ ఎప్పుడూ ఒకవైపు నుంచే తాగేది. మరిగే టీ కదా, అటువైపు గీతలు ముదురు రంగు తేలాయి. ఈయన తాగేవైపు లేత. ఆవిడ పోయిన తొమ్మిదేళ్ళుగా ఈయన తన వైపు నుంచే తాగారు. అటు పెదవి ఆనించలేదు.

నాకు ఏడుపు రాలేదు. సిగ్గు లేకుండా కోపం వచ్చింది. "బూజు పట్టింది అంకుల్! ఇంత మందాన! చీమలు, కంపు, నేను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చాకిరీ చేస్తే... అంత ముఖ్యమైనదైతే నాకు చెప్పాలి కదా!" అని అరిచాను. చెప్పారని తెలిసీ అరిచాను.

"తక్ అపా, తక్ అపా" అన్నారు, పరవాలేదులే అని. గిన్నెని నెమ్మదిగా బల్ల మీద పెట్టి నా వైపు జరిపారు. "నువ్వు తాగమ్మా. ఇప్పుడు నానెటు తాగినా అది ఆవిడదే అవుతాదేమో."

నేను తాగలేదు. టీ చల్లారిపోయింది. సింకులో పారబోసి, ఆ గిన్నెని వేడినీళ్ళతో మాత్రం కడిగి, కిటికీ గట్టు మీద బోర్లించి వచ్చేశాను.

ఆ తర్వాత రెండు నెలలు వెళ్ళలేదు. పని ఎక్కువగా ఉందని ఫోనులో చెప్పేదాన్ని. ముఖం చెల్లలేదు, అదీ అసలు సంగతి. చివరికి ఒక ఆదివారం, ఎలా ఉన్నారో అన్న భయం సిగ్గుని మించిపోయి, చెప్పకుండా వెళ్ళాను. గేటు తెరిచే ఉంది. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఆ గిన్నె, పొగలు పైకి లేస్తున్నాయి. నేను గుమ్మంలోనే ఆగాను. గిన్నె ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ మరిగే టీ గుటకలు వేశారు. ముఖం ఎర్రబడి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. సగం అయ్యాక దింపి, నాలిక బయటపెట్టి, ముసలి పిల్లిలా ఊపిరి తీసుకున్నారు. గిన్నెని అటు నుంచి ఇటు తిప్పి, చల్లారేదాకా అలాగే కూర్చుని, మిగతా సగం తాపీగా తాగారు.

"అంకుల్, మీకు వేడి పడదు కదా! నోరంతా కాల్చుకుంటున్నారు!"

ఉలిక్కిపడలేదు. "వచ్చినావా? కూకో. అది నాను కాదమ్మా, ఆవిడ వేపు." కుంగిన అంచు వైపు చూపించారు. "ఇటే అనుకుంటన్నాను. తప్పైతే ఆవిడే తిడతాది."

"ఇరవై ఆరేళ్ళ గీతలు అంకుల్ అవి. మళ్ళీ రావాలంటే..." లెక్క వేయబోయి ఆగిపోయాను.

"అవునమ్మా, సానా రోజులు పడతాది" అన్నారు. "అందుకే రోజుకి మూడుసార్లు తాగుతన్నాను."

ఆ రోజు ఆయన ముందు ఏడ్చాను. క్షమించమని అడిగాను. ఆయన నా నుదుటి మీద గోరుతో కొట్టలేదు. నా చేయి తీసుకుని, తోమి తోమి అరిగిన నా వేళ్ళని చూసి, "నీకూ ఎవులూ లేరు గదా, అందుకే అంత తోమీసినావు" అన్నారు. నన్ను అంత సూటిగా ఎవరూ ఎప్పుడూ అనలేదు. కోపం రాలేదు, ఎందుకో మరి.

అలా ఏడాదిన్నర తాగారు.

మండాయిలో ఏడుగురం ఉన్నాం. మేనల్లుడు యాభై దాటిన మనిషి, తెలుగు రాదు, తమిళమూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడాడు. అద్దె ఫ్లాటు కాబట్టి నెలాఖరుకల్లా ఖాళీ చేసి అప్పగించాలన్నాడు. నా దగ్గరున్న తాళంచెవి ఇచ్చేద్దామని ఆ ఆదివారం వెళ్ళాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మేనల్లుడు అట్టపెట్టెలు కడుతున్నాడు. అతని భార్య వంటింట్లో సింకు నిండా గిన్నెలేసుకుని, చేతికి రబ్బరు తొడుగులతో తోముతోంది. చాలా పనిమంతురాలు. ఆవిడ ఎడమచేతిలో ఆ గిన్నె ఉంది. లోపల రెండువైపులా, పైకి పాకే లేత గోధుమ రంగు గీతలు. కుంగిన అంచు వైపువి కాస్త ముదురు. కుడిచేతిలో సబ్బు నురగతో స్పాంజి.

"తోమొద్దు!"

నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. ఆవిడకి మాట అర్థం కాకపోయినా చేయి గాల్లోనే ఆగింది. మేనల్లుడు పరిగెత్తుకొచ్చాడు. నేను వెళ్ళి ఆవిడ చేతిలోంచి గిన్నె లాక్కున్నంత పని చేశాను.

"డర్టీ ఆల్రెడీ, ఆంటీ" అంది ఆవిడ బిత్తరపోయి. "చిప్డ్ సమ్‌మోర్, పైగా అంచు పోయింది. పారేసేదే."

మేనల్లుడు నన్ను ఎగాదిగా చూశాడు. కోపంగా ఏమీ కాదు, మర్యాదగానే, ఇంగ్లీషులో అడిగాడు. "సారీ ఆంటీ, మీరు మామయ్యకి ఏమవుతారు?"

చుట్టాన్ని కాదు. పక్కింటిదాన్ని కూడా కాదు, వదిలేసి వెళ్ళిపోయానుగా. నిజమే చెప్పాను.

"ఇంతకుముందు ఈ ఇల్లు కడిగింది నేనే."

"ఓ, క్లీనింగ్ ఆంటీనా" అన్నాడు, అతని ముఖం తేటపడింది. "కావాలంటే తీసుకెళ్ళండి లా, పరవాలేదు. మామయ్యని బాగా చూసుకున్నారని పక్కవాళ్ళు చెప్పారు. థాంక్యూ ఆహ్."

కాదని చెప్పలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, గిన్నెని చున్నీలో చుట్టుకుని, రైలెక్కి యూ టీకి వచ్చేశాను. నెల దాటింది. వంటింటి కిటికీ గట్టు మీద బోర్లించి ఉంచాను, నీళ్ళు కూడా తగలనివ్వలేదు. నిన్న సాయంత్రం అల్లం కొట్టి టీ పెట్టుకుని, ఆ గిన్నె చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాను. ఇటు ఆవిడ, అటు ఆయన. మళ్ళీ బోర్లించేసి స్టీలు గ్లాసులో పోసుకుని తాగాను.